నిషాత్ చెప్పిన ఇరవై నాలుగు నెలలు

"నెలకు మూడు వేలంటే రెండేండ్లకు డెబ్బై రెండు వేలే గద బిడ్డా. లక్ష రూపాయల అప్పు ఎట్ల తీరుతది?"

అడిగింది బడేబీ. మల్దకల్‌లో నాలుగు బర్రెలు పెట్టుకుని పాలు అమ్ముకునే మనిషి, బడికి పోయింది లేదు. అడిగింది తన చెల్లెలి కూతురు నిషాత్‌ను. నిషాత్ గద్వాలలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పైథాన్ చెప్తుంది. అప్పుడు ఆమె ఒళ్లో లాప్‌టాప్ ఉంది, తెర మీద 24 అని ఉంది.

"ఖాలా, ఇది లాగరిథమ్ లెక్క. నీకు తెల్వదులే. గుణకారంతోని తేలేది గాదు" అని నవ్వింది నిషాత్. ఇంట్లో ఉన్న మిగతావాళ్లూ నవ్వారు.

అప్పు బడేబీ ఇంటి స్లాబ్ కోసం చేసింది. ఎరువుల దుకాణం కురుమూర్తి దగ్గర లక్ష, నూటికి నెలకు రెండు రూపాయల మిత్తి. శ్రీరంగాపూర్ నుంచి వచ్చిన ఒకాయన రెండు బర్రెలకు లక్షా రెండు వేలు ఇస్తానన్నాడు. అమ్మితే అప్పు ఆ రోజే తీరిపోతుంది. అమ్మకుండా పాల డబ్బులతో నెలనెలా కడితే ఎన్నాళ్లు పడుతుందో చూసి చెప్పమని బడేబీ అడిగింది. రెండేళ్లలో తీరితే బర్రెలు ఉంచుకోవాలి, నాలుగైదేళ్లయితే అమ్మేయాలి. ఆమె లెక్క అంత సూటిగా ఉంది. ఇరవై నాలుగు అని తేలగానే శ్రీరంగాపూర్ ఆయనను తిప్పి పంపేసింది.

నిషాత్ తండ్రి షంషుద్దీన్ బోరు మోటార్లకు వైండింగ్ కడతాడు. కూతురు లెక్కల్లో ముందుంటే వనపర్తి పంపి డిగ్రీ చదివించాడు. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో నలిగిపోయిన లాగ్ పట్టికలు తిరగేసి లెక్కలు కట్టిన పిల్ల. ఆ పట్టికలన్నీ పది ఆధారంగా కట్టినవి. కాబట్టి లాగ్ అనగానే ఆమె చేతికి ముందు పదే వస్తుంది.

అప్పు ఎన్ని నెలల్లో తీరుతుందో చెప్పే సూత్రంలో ఒక లాగ్‌ను ఇంకో లాగ్‌తో భాగించాలి. ఆధారం ఏదైనా ఫరవాలేదు, పైనా కిందా ఒకటే ఉండాలి. నిషాత్ పైన అలవాటుగా లాగ్‌టెన్ వేసింది. కింద మాత్రం పైథాన్‌లోని ఇంకో లాగ్ ఫంక్షన్, లాగ్‌వన్‌పీ వేసింది. మిత్తి రేటు లాంటి చిన్న సంఖ్యలకు అదే కచ్చితమని అంతకు వారం ముందే ఒక వీడియోలో చూసింది. కచ్చితమే, కానీ దాని ఆధారం పది కాదు, ‘ఈ’ (e) అనే ఇంకో సంఖ్య. పైన మీటర్లతో కొలిచి కింద గజాలతో కొలిచి భాగించినట్టు అయింది. పైథాన్ ఏ తప్పూ చూపించలేదు. అడిగిన దానికి జవాబు ఇచ్చింది.

సాంకేతిక విద్య పల్లెల్లో వెలుగు నింపుతుందని సభల్లో చెప్తుంటారు. మల్దకల్‌లో ఆ రోజు అది చేసిన పని, సరైన ప్రశ్న వేసిన ఒకే ఒక్క మనిషి నోరు మూయించడం.

పద్నాలుగు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం ల్యాబ్‌లో నిషాత్ తన సూత్రాన్నే పాఠంగా పెట్టింది. అప్పు లక్ష, రేటు రెండు, కిస్తీ మూడు వేలు. లూప్ రాసి ఒక్కో నెలా తగ్గించుకుంటూ పొండి, ఆఖరుకు లాగ్ చెప్పిన ఇరవై నాలుగే వస్తుంది, చూడండి అంది.

"మేడమ్, యాభై ఆరు వచ్చింది" అంది ముందు వరుసలో వనజ.

"రేటు తప్పేసినట్టున్నవు."

"అందరికి యాభై ఆరే వచ్చింది మేడమ్."

గంట కొట్టకముందే క్లాసు వదిలేసింది. ఖాళీ ల్యాబ్‌లో కూర్చుని ఆ ఒక్క వరుసను మళ్లీ చదివితే పైన పది, కింద ‘ఈ’. లాగ్ దాకా కూడా పోనక్కర్లేదు. మూడు వేలను ఇరవై నాలుగుతో గుణిస్తే లక్ష అసలు కూడా పూర్తికాదు. మొదటి నెల కట్టిన మూడు వేలలో రెండు వేలు మిత్తికే పోయాయి. డెబ్బై రెండు వేలేనని బడేబీ ఆ రోజే నోటిలెక్కగా చెప్పింది. నిషాత్ నవ్వింది.

ఆ ఆదివారం మల్దకల్ పోయింది. టీ తాగింది, బర్రెల గురించి మాట్లాడింది, లెక్క సంగతి చెప్పకుండా తిరిగి వచ్చింది. బస్సులో ఒక అబద్ధం కూడా సిద్ధం చేసుకుంది, కురుమూర్తి మిత్తి పెంచాడని. అది నిలిచే అబద్ధమే. కురుమూర్తి గురించి అలా అంటే ఎవరైనా నమ్ముతారు. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమె తర్వాత చాలా రోజులు తన ముఖం తాను చూసుకోలేకపోయింది.

మరుసటి ఆదివారం పోయేసరికి బడేబీ పాలు పిండుతోంది.

"ఖాలా, నేను చేసిన లెక్క తప్పు. యాభై ఆరు నెలలు పడతది. ఇంక నలభై రెండున్నయి."

బడేబీ చేయి ఆగలేదు. "మిషిని తప్పు చెప్పిందా?"

"మిషిని గాదు. నేనే తప్పు రాసిన."

"నేను గప్పుడే అడిగిన గద."

"అడిగినవు."

"అందరి ముందర నవ్వితివి."

"నవ్విన."

"నేను గూడ నవ్వితి. చదువుకున్న పిల్ల చెప్తుంది, నాకే తెల్వదేమో అనుకున్న."

ఇప్పుడు బర్రెలు అమ్మితే ఎట్లుంటది అని అడిగింది నిషాత్.

"రెండు ఒట్టిపోయినయి. శ్రీరంగాపూరాయన రెండింటికి కలిపి యాభై ఐదు వేలంటుండు."

"నెలకు వెయ్యి నేనిస్త ఖాలా."

"ఇయ్యి. వద్దనను. తప్పు నీదే గద." బడేబీ చెంబు పక్కన పెట్టి లేచింది. "పోయిన ఐతారం టీ తాగి పోతివి. ముఖం జూస్తే ఏందో ఉన్నదని తెలిసె. చెప్తవేమో అని బస్సు దాక వస్తి."

మరుసటి రోజు కాలేజీలో నిషాత్ తన పాత వరుసను బోర్డు మీద రాసి, లాగ్‌టెన్ కింద గీత గీసింది. "రేటు మీరు తప్పెయ్యలే. తప్పు నాది" అంది.

"మేడమ్, ఈ అప్పు నిజమైందా?" అని అడిగింది వనజ.

"మా ఖాలాది."

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండు అనిపించింది నిషాత్‌కు.

పదిహేనో కిస్తీకి బడేబీ మూడు వేలు, నిషాత్ వెయ్యి కట్టారు. కురుమూర్తికి ఇంకా ఎనభై ఒక్క వేల ఏడు వందల ఏడు రూపాయలు ఇవ్వాలి.