బండి నిలబెట్టిన నేల

మూడు రోజులుగా ముసురు. పగిలిన పత్తి చేలల్లోనే నానిపోతోంది. తీయటానికి కూలీలు లేరు, తీసినా ఆరబెట్టే చోటు లేదు. ఆ రోజు పొద్దున ఐదుంపావుకి పంపుహౌసు తలుపు తీశాను. వోల్టేజి చూసి, మోటారు వేసి, వాల్వు తిప్పి, బయట మెట్టు మీద కూర్చున్నాను. ట్యాంకు నిండటానికి రెండున్నర గంటలు పడుతుంది. నాలుగు ఊళ్లకు పొద్దునా సాయంత్రం మంచినీళ్లు అందులోంచే వెళ్తాయి. కాసేపటికి ఫోను మోగింది. మా పెదనాన్న కొడుకు.

“నాన్న పోయాడ్రా. తెల్లారుజామున,” అన్నాడు అన్నయ్య.

మోటారు మోత అతనికి వినబడి ఉంటుంది.

“ట్యాంకు నిండినాకే రా. తొందరేం లేదు. మూడింటికి తీద్దామనుకుంటన్నాం.”

ట్యాంకు నిండినాకే బయల్దేరాను. పెదనాన్న ఉన్నా ఆ మాటే చెప్పేవాడు. తొమ్మిదేళ్లుగా ఈ పని నా చేతిలో ఉందంటే అది ఆయన చలవే. ఆయన చదువుకున్నవాడు కాదు, ఊళ్లో పెద్ద పేరున్నవాడూ కాదు. తెలిసినవాళ్లం నలుగురం మర్చిపోతే ఆయన సంగతి చెప్పేవాళ్లుండరు. అందుకని రాస్తున్నాను.

పెదనాన్నకు సొంత పొలం కొద్దిగానే ఉండేది. కానీ మా చుట్టుపక్కల ఎవరు ఎద్దులు కొనాలన్నా ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు. పళ్లు చూసేవాడు, గిట్టలు చూసేవాడు, నాలుగడుగులు నడిపించి వెనకనుంచి చూసేవాడు. బేరం నోటితో చేసేవాడు కాదు. భుజం మీది తువ్వాలు తీసి అవతలివాడి చేతి మీద కప్పి, దాని కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పేవాడు. చుట్టూ ఎంతమంది నిలబడ్డా ఆ ధర ఇద్దరికే తెలిసేది. తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి. ఎద్దులు పోయాయి, వాటితో పాటు ఆయన్ని పిలిచేవాళ్లూ పోయారు. కొన్నేళ్లు టీ కొట్టు బల్ల మీద ఊరికే కూర్చున్నాడు. ఆ కూర్చోవటం నాకు గుర్తుంది. టీ తాగటం అయిపోయినా గ్లాసు చేతిలోనే ఉంచుకునేవాడు.

ఒకసారి మా వీధిలో ఒకాయన పాత మోటారుసైకిలు కొనబోతూ, పెద్దమనిషి పక్కనుంటే ధర తగ్గుతుందని పెదనాన్నను ఎక్కించుకుపోయాడు. ఈయన ధర సంగతి వదిలేసి బండి చుట్టూ తిరిగాడు. వెనకనుంచి చూశాడు. నెట్టించి చూశాడు. “ఇది ఎడం పక్కకి గట్టిగా పడింది. నడకలో తెలుస్తంది,” అన్నాడు. అమ్మేవాడు ముందు కాదన్నాడు, తర్వాత ఒప్పుకున్నాడు. అప్పటినుంచి మళ్లీ పిలుపులు మొదలయ్యాయి. బేరం లేని రోజుల్లో మెకానిక్ కొట్టు ముందు కూర్చుని, విప్పిన ఇంజన్లను చూస్తూ ఉండేవాడు. ఆయనకు మాత్రం బండి నడపటం రాదు. నేర్పుతామంటే, “ముక్కుతాడు లేని దాన్ని నేను తోలను,” అనేవాడు.

నాకు పంపు ఆపరేటరు పని దొరికినప్పుడు, బండి కొనే ముందు ఆయన్ని అడగాల్సింది. పని కాంట్రాక్టుది. మా ఊరికి ఇరవై రెండు కిలోమీటర్లు. అంత పొద్దున్నే బస్సు ఉండదు. దారిలో వాగు మీద చప్టా ఒకటి, ఆ తర్వాత అంతా నల్లరేగడి డొంక. వాన పడితే చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య మట్టి పట్టుకుని బండి కదలదు. ఇవన్నీ నాకు తెలుసు. అయినా పాత బళ్ల కొట్టుకి ఒక్కడినే వెళ్లాను. గొడుగూ తువ్వాలూ వేసుకుని ఆయన వచ్చి, బండి కింద దూరి చూస్తుంటే అక్కడి కుర్రాళ్లు నవ్వుతారని సిగ్గుపడ్డాను. మే నెల ఎండలో ఎర్రటి బండి ఒకటి మెరుస్తోంది. సెల్ఫు నొక్కగానే స్టార్టయింది. కొనేశాను.

జూలైలో మొదటి పెద్ద వాన పడ్డ రోజు చప్టా మీద ఆగిపోయింది. నెట్టుకుంటూ వెళ్లేసరికి ఎనిమిదయింది. పది రోజుల్లో అట్లా మూడుసార్లు జరిగింది. మూడోసారి నేను వెళ్లేసరికి కుళాయిల దగ్గర ఆడవాళ్లు బిందెలు వరసగా పెట్టి నా దారి చూస్తున్నారు. ఎవరూ తిట్టలేదు. వాళ్లు పత్తి కలుపుకి వెళ్లాల్సినవాళ్లు, అప్పటికే వాళ్ల కూలి పోయింది. ఆ మధ్యాహ్నం మంచినీళ్ల శాఖ ఇంజనీరు, ఏఈ గారు పిలిపించారు.

“బండి చెడిందని చెబితే బిందెలు నిండుతాయా? ఇంకొక్కసారి ఆలస్యమైతే వేరే మనిషిని పెడతాను. నన్నేం అనుకోవద్దు,” అన్నారు.

సాయంత్రం బండిని పెదనాన్న ఇంటి ముందుకు నెట్టుకెళ్లాను. ఆయన అరుగు మీద ఉన్నాడు.

“ఏందిరా, ఎక్కి పోవాల్సిన దాన్ని నెట్టుకొస్తన్నావు?”

“ఒకసారి చూడు పెదనాన్నా.”

“కొనేటప్పుడు చూపించలా. చచ్చినాక చూపిస్తన్నావా?”

అంటూనే లేచి వచ్చాడు. పక్క డోరు తీయించి, ఎయిర్‌ఫిల్టరు డబ్బా మూలన గోటితో గీరాడు. తెల్లటి పొడి వచ్చింది. నాలిక చివర పెట్టుకుని ఉమ్మేశాడు.

“సున్నం. పిడుగురాళ్ల బట్టీల కాడ తిరిగిన బండి ఇది. ఈ పొడి తిని తిని ఇంజను లోపలంతా అరిగిపోయి ఉంటది. నువ్వు ఆకూ వక్కా తెచ్చుకో, సున్నానికి మాత్రం కొదవ లేదు.”

గడపలో నిలబడ్డ పెద్దమ్మ నవ్వింది. నేను ఏఈ గారి మాట చెప్పాను. పెదనాన్న చెయ్యి తువ్వాలుకి తుడుచుకున్నాడు.

“రేపట్నించి అన్న బండి తీసుకుపో. వాన పడ్డ రోజు పోయి ఇంకోటి చూద్దాం.”

“వానలోనా?”

“ఎండలో అన్ని బళ్లూ మంచియ్యే. ఎండలో కొనేవాడు రంగు కొంటాడు.”

తర్వాత నాలుగు రోజులు చినుకు లేదు. అన్నయ్యకు మందు డబ్బాలు చేలోకి తీసుకెళ్లటానికి బండి కావాలి, మొహమాటానికి ఊరుకున్నాడు. ఐదో రోజు మబ్బు పట్టి చినుకులు మొదలయ్యాయి. నేను పంపు పని చూసుకుని వచ్చేసరికి పెదనాన్న యూరియా గోతం కొప్పులాగా మడిచి తల మీద వేసుకుని, తయారై కూర్చున్నాడు.

ఆ రోజు మూడు బళ్లు చూశాం. మొదటిదాన్ని ఆయన ముట్టుకోలేదు. అది రోజూ నిలబడే చోటు చూపించమన్నాడు. నేల మీద నల్లటి ఆయిల్ మరకలు. “పద,” అన్నాడు. అమ్మేవాడికి కోపం వచ్చింది.

“ఎక్కి చూడకుండానే పోతారేందండీ?”

“నేల చెప్పిందిగా. మళ్లీ నువ్వెందుకు అబద్ధమాడటం?”

దారిలో నాతో అన్నాడు: “ఎద్దునైనా సంతలో చూడకూడదు, కట్టేసిన కాడ చూడాలి. బండిని కడిగి పెడతారు. నేలనెవడూ కడగడు.”

రెండోది ఒక పాత బళ్ల కొట్టులో ఉంది, స్టార్టు చేస్తే బాగానే పలికింది. వెనకనుంచి చూసి, “మిరపకాయ టిక్కీ బస్తాలు మోసింది, నడుం వంగింది,” అని వదిలేశాడు. ఇంకో కంపెనీ బండి మంచిదని ఆ కొట్టువాడు చెబితే, “సామాను మా ఊళ్లో దొరకదు. మేత దొరకని ఎద్దు ఎంత మంచిదైతే ఏం?” అన్నాడు.

మూడోది అమరావతి రోడ్డు మీద ఒక ఊళ్లో పాస్టరుగారిది. ఆయన మూడు ఊళ్ల చర్చిలు చూసుకునేవారు. బండి రంగు వెలిసిపోయి ఏ రంగో చెప్పలేకుండా ఉంది. రేకుల కింద పెట్టి ఉంది. పెదనాన్న ముందు కిందికి చూశాడు. దుమ్ము తప్ప ఏమీ లేదు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని చైను చక్రం పళ్లు తడిమాడు. ముందు చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య రెండు వేళ్లు పెట్టి చుట్టూ తిప్పాడు. వెనక మనిషి కాళ్లు పెట్టుకునే రబ్బర్లు చూశాడు. వాటి గాట్లు అరగలేదు.

“వెనక ఎవరూ ఎక్కేవాళ్లు కాదాండీ?”

“మా ఆవిడకి బండంటే భయమండీ. ఎక్కడికైనా బస్సులోనే వస్తుంది.”

“మరి ఎందుకు అమ్ముతున్నారు?”

“మోకాళ్లు పోయాయండీ. కిక్కు కొట్టలేకపోతున్నా.”

“అయితే చెడింది మీ మోకాలు, బండి కాదు,” అన్నాడు పెదనాన్న. “బకెట్టుతో నీళ్లిప్పించండి.”

నీళ్లు ఇంజను మీద, ప్లగ్గు మీద, పై నుంచి కింద దాకా పోశాడు. పాస్టరుగారి భార్య గుమ్మంలోంచి వింతగా చూస్తోంది. తర్వాత బండిని వానలోకి తెప్పించి పావుగంట అట్లాగే నిలబెట్టాడు. అప్పుడు నన్ను కిక్కు కొట్టమన్నాడు. ఒకటి కొట్టాను. రెండు కొట్టాను. నాకు బిందెల వరస కళ్ల ముందు ఉంది. మూడోదానికి అంటుకుంది.

“స్తోత్రం,” అన్నారు పాస్టరుగారు.

“అంటే మీకూ నమ్మకం లేదన్నమాట,” అన్నాడు పెదనాన్న.

అందరం నవ్వాం. ఆ నవ్వులోనే ఆయన తువ్వాలు తీసి పాస్టరుగారి చేతి మీద కప్పాడు. పాస్టరుగారు ప్రార్థనకేమో అనుకుని కళ్లు మూసుకున్నారు. తువ్వాలు కింద పెదనాన్న వేళ్లు నొక్కుతున్నాడు. కాసేపటికి పాస్టరుగారు కళ్లు తెరిచి, “నాకు ఈ వేళ్ల లెక్క తెలియదండీ. నోటితో చెప్పండి,” అన్నారు. పెదనాన్న ఇబ్బందిపడ్డాడు. జీవితంలో నోటితో ధర చెప్పటం అదే మొదటిసారని తర్వాత నాతో అన్నాడు. చెప్పేటప్పుడు గొంతు తగ్గించి, పక్కకి చూస్తూ చెప్పాడు.

ఆ బండి మీద తొమ్మిది వానాకాలాలు వెళ్లాను. చప్టా మీద నీళ్లు పారుతున్నప్పుడు వెళ్లలేదు. అది ఆయన పెట్టిన షరతు. నీళ్లు తగ్గేదాకా గట్టున నిలబడి, తగ్గగానే వెళ్లేవాణ్ణి. అట్లాంటి రోజు ఆలస్యమైతే ఏఈ గారు కూడా ఏమీ అనలేదు. ఆ ఏఈ బదిలీ అయి మరో ఇద్దరు వచ్చారు. నేనున్నాను.

మడ్‌గార్డు కింద రెండు వాషర్లు వేయించి ఎత్తు చేయించింది పెదనాన్నే. ఏటా తొలకరికి ముందు ఒక పొద్దున మా ఇంటికి వచ్చి, కాఫీ కూడా తాగకుండా, బండి పక్కకి తీయించి నేల చూసి వెళ్లేవాడు. “చుక్క పడ్డ రోజు చెప్పు,” అనేవాడు. నేను థాంక్స్ లాంటిదేదో చెప్పబోతే వినేవాడు కాదు. “బండి మోసింది, నేను మొయ్యలా,” అనేవాడు.

ఈ ఏడు రాలేదు. వేసవిలోనే ఆయాసం మొదలైంది, ఆగస్టులో మంచం పట్టాడు. మాట రెండు ముక్కలుగా వచ్చేది. వారానికి రెండుసార్లు పంపు నుంచి వస్తూ ఆగేవాణ్ణి. మంచం కిటికీ పక్కన వేశారు. ఒకరోజు నేను లోపలికి వెళ్లగానే అడిగాడు.

“చుక్క పడిందా?”

“లేదు పెదనాన్నా.”

“పడింది.”

“లేదన్నాగా.”

“బండి దిగి వస్తా వస్తా, వెనక్కి తిరిగి కిందకి చూశావు. ఎప్పుడూ చూసేవాడివి కాదు.” ఊపిరి తీసుకున్నాడు. “ఎన్నాళ్లయింది?”

“పది రోజులు.”

తిడతాడనుకున్నాను. కళ్లు మూసుకుని లెక్క వేసుకుంటున్నట్టు ఉండిపోయాడు.

“ఈ వానలకి తట్టుకుంటది. పై ఏటికి తట్టుకోదు. వేసంకాలంలో మాత్రం కొనమాక.”

“నువ్వొస్తావుగా.”

“నువ్వే చూడు. తొమ్మిదేళ్లు చూశావుగా.” తర్వాత పెద్దమ్మను పిలిచి నాకు మజ్జిగ ఇమ్మన్నాడు. ఆ తర్వాత రెండుసార్లు వెళ్లాను, రెండుసార్లూ నిద్రలో ఉన్నాడు.

ఆ రోజు ట్యాంకు నిండేసరికి ఎనిమిది దాటింది. నీళ్లు వదిలి బయల్దేరాను. చప్టా మీద అడుగు నీళ్లు పారుతున్నాయి. గట్టున గంటసేపు నిలబడ్డాను. తగ్గినాక దాటాను. ఇల్లు చేరేసరికి పెదనాన్నను వసారాలో పడుకోబెట్టారు. తువ్వాలు భుజం మీద కాకుండా ఛాతీ మీద మడిచి పెట్టారు. బండిని వసారా చూరు కింద, గోడ వారగా పెట్టాను. పాస్టరుగారు రెండింటికి ఆటోలో వచ్చారు. కర్ర పట్టుకుని నడుస్తున్నారు. నాతో మాట్లాడేముందు బండి వైపు చూసి, “ఇంకా అదేనా?” అన్నారు. అదేనన్నాను.

మూడింటికి తీశారు. వాన తగ్గలేదు. కట్టెలు అంటుకోవటానికి చాలాసేపు పట్టింది. తిరిగొచ్చి కాళ్లు కడుక్కుని, బండి తీశాను. చూరు కింద నేల పొడిగా ఉంది. అందులో మూడు నల్లటి చుక్కలు, ఒకదాని పక్కన ఒకటి.

“ఏం చూస్తన్నావురా అక్కడ?” అంది పెద్దమ్మ లోపల్నుంచి.

“ఏం లేదు పెద్దమ్మా.”

అన్నయ్య వచ్చి నా పక్కన నిలబడి తనూ కిందికి చూశాడు. “పో, నీళ్ల టైమవుతంది,” అన్నాడు.

పాస్టరుగారు ఐదింటి ఆటోకి వెళ్లారు. నేను ఐదుంపావుకి బయల్దేరాను.