దిద్దబడును

విద్యార్థులకు వ్యాసాలు రాయడంలో సాయపడమని యూనివర్సిటీలో నాకొక గది ఇచ్చారు. తలుపు పక్కన బోర్డు మీద "వ్యాసాలు దిద్దబడును" అని రాసి, పెన్నులో ఎర్ర సిరా నింపుకుని, పదిహేను రోజులుగా ఒక్కణ్ణే కూర్చుంటున్నాను.

ఈ రోజు సాయంత్రం, కేసముద్రం నుంచి రైల్లో వచ్చి చదువుకునే ఒక అమ్మాయి గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మన్నాను.

"ఎట్ల రావాలె సార్? దిద్దుతమని రాసిన్రు. నాకు మొదటి ముక్కనే వస్తలేదు. రోజూ ఈడిదాంక వచ్చి, బోర్డు చదువుకొని పోతాన."

కూర్చోబెట్టి మాట్లాడించేలోపే ఆమె రైలుకు టైమైంది. ఆమె వెళ్ళాక బోర్డు మీది రాత చెరిపేశాను. దాని బదులు ఏం రాయాలో తోచక, సుద్దముక్క పట్టుకుని ఖాళీ బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాను.

నాకూ మొదటి ముక్క రాలేదు. మీరైతే ఏం రాసేవారు?