జాకెట్ లోపలి కుట్లు

వరంగల్ స్టేషన్‌లో ఆడవాళ్ల వెయిటింగ్ రూంలోకి వెళ్లడం నాకదే మొదటిసారి. అప్పటికి హార్మోన్ మందులు మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. జాకెట్ ఊపిరి ఆడనివ్వడం లేదు. ఛాతీ, తుంట్లు నిండుతాయనీ, తిండి మాత్రం మానొద్దనీ డాక్టరమ్మ ముందే చెప్పింది. నేను వింటేనా! వారం నుంచి ఒంటిపూట తింటున్నాను. బరువు మిషన్ కనబడితే చాలు, ఎక్కి దిగుతున్నాను. ఆ ఉదయం ప్లాట్‌ఫాం మీదే రెండుసార్లు ఎక్కాను.

కుదురుగా కూర్చోలేక తచ్చాడుతుంటే, తొర్రూరు వైపు పెద్దావిడ ఒకామె చేయి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది.

"జాకీట్ బిగుతైందా బిడ్డా?"

గొంతు వింటే బయటికి పొమ్మంటుందేమోనని భయం. అయినా చెప్పాను. "లావైతాన్న అమ్మా. తగ్గాలె."

ఆమె నా ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. తర్వాత నా జాకెట్ అంచు తిప్పి చూపించింది. లోపల, పక్కన, వరసగా మూడు కుట్లు. ఇన్నేళ్లూ చొక్కాలు తొడుక్కున్న నాకు ఆ సంగతే తెలియదు.

"ఆడోళ్ల ఒళ్లు ఎప్పుడు ఒక్కతీరుగుంటదా? గందుకే టైలర్ గిన్ని కుట్లేస్తడు. దీనికి కడుపు మాడ్చుకునుడెందుకు?"

గాజుకు తగిలించుకున్న పిన్నీసు తీసి ఒక కుట్టు విప్పింది. అప్పుడు గుండెల నిండా గాలి పీల్చుకున్నాను. ఇంతలో ఆమె బండి వచ్చింది.

"ఇంకోటి గూడ ఇప్పుకోవచ్చు. ఫికర్ జెయ్యకు," అంటూ వెళ్లిపోయింది.

ఆ రెండో కుట్టు పోయిన నెల నేనే విప్పుకున్నాను, కడుపు నిండా తిన్నాక.