చివర కత్తిరించని క్యాసెట్

ఇంగ్లండ్‌లోని స్విండన్‌లో నేను ముసలివాళ్లను ఇళ్లకు వెళ్లి చూసుకునే కేరర్‌గా పనిచేస్తున్నాను. రోజూ ఉదయం నా డ్యూటీ జాబితాలో మొదటి ఇల్లు ఈజిప్టు నుంచి వచ్చి స్థిరపడిన ఒక పెద్దాయనది. హాలు నిండా పాత అరబ్బీ సినిమాల వీడియో క్యాసెట్లే. ఒక్కటి మాత్రం ఎప్పుడూ ఆయన తలగడ పక్కన ఉండేది. కైరోలో ఒక దొంగను పోలీసు వెంటాడే నలుపు తెలుపు సినిమా అది. బయట దొరికే కాపీలన్నిటిలో చివరి ఎనిమిది నిమిషాలు కోసేశారట. ఇందులో మిగిలాయి. అందుకే పాత సినిమాలు సేకరించేవాళ్లు ఆయనకు ఉత్తరాలు రాస్తూనే ఉండేవారు. ఆయన ఎవరికీ ఇవ్వలేదు.

ఒకరోజు పాత బట్టలు, జనం ఉచితంగా ఇచ్చిన సామాను అమ్మే ఛారిటీ షాపులో ఇచ్చెయ్యమన్నారు. ఇచ్చొచ్చాను. మర్నాడు వెళ్లేసరికి మంచమంతా తడుముతున్నారు.

"నా దొంగ ఏడమ్మా?"

నిన్న దుప్పటి మారుస్తూ క్యాసెట్‌ని బట్టల సంచి మీద పెట్టింది నేనే; సంచితోపాటే అదీ షాపుకి పోయింది. ఆ మాటే చెప్పేశాను. ఆయన తిట్టలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. తిట్టినా బాగుండేది.

బయటికొచ్చి మా ఆయనకు ఫోన్ చేశాను.

"ఏవండీ, కొంప ముంచేశాను."

"ఏడుపు తర్వాత. ముందు షాపుకెళ్లు. మీ ఆఫీసుకి కంప్లైంట్ వెళ్తే అప్పుడు చూద్దాంలే."

పరుగెత్తాను. కౌంటర్ దగ్గర రెయిన్‌కోటు వేసుకున్న ఒక తెల్లాయన ఆ క్యాసెట్‌నే రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ఆయాసపడుతూ సంగతంతా చెప్పాను.

"పన్నెండేళ్లుగా దీనికోసం వెతుకుతున్నాను" అన్నాడాయన. పట్టు మాత్రం వదల్లేదు.

"దీని సొంతదారు రెండు వీధుల అవతలే ఉన్నారు సర్. ఆయన దగ్గర ఇంకా నడిచే వీడియో ప్లేయర్ ఉంది. మీ దగ్గర ఉందా?"

ఒక్క క్షణం ఆలోచించి నవ్వేశాడు. లేదట. నా వెంట వచ్చాడు.

పెద్దాయన క్యాసెట్ అందుకుని, లేబుల్‌ని వేలితో నిమిరి, అతన్ని సోఫాలో కూర్చోమన్నారు. చివరి ఎనిమిది నిమిషాలూ వేశారు. రైల్వే స్టేషన్ బెంచీ మీద దొంగ. పక్కనే వచ్చి కూర్చున్న పోలీసు అగ్గిపెట్టె అడిగి, సిగరెట్ వెలిగించుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

"అంతేనా?" అన్నాడు తెల్లాయన.

"అంతే. పోలీసే దొంగను వదిలేశాడు. అందుకే సెన్సారువాళ్లు కోసేశారు" అన్నారు పెద్దాయన.

తర్వాతి ఇంటికి అరగంట ఆలస్యమైనా, ముగ్గురికీ టీ పెట్టి, నేనూ కూర్చుని తాగాను.