రెండు గంటల దాహం

మా మేనత్త మొన్న మంగళవారం పొద్దున్న పోయింది. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళూ "ఎంత ఓర్పుగల మనిషండీ" అంటున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆవిడ ఓర్చుకోలేదు. అడిగింది, పోట్లాడింది, కాగితం మీద పెట్టమంది. ఓర్చుకోమన్నది మనం. ఆ మనలో నేనూ ఉన్నాను కనకే ఇది రాస్తున్నాను.

అత్తయ్య బిలాస్‌పూర్‌లో ఒక బడిలో చిన్నపిల్లలకు లెక్కలు చెప్పేది. మంచంపట్టిన నాయనమ్మ ఇక్కడ రాయపూర్‌లో ఉండటంతో కాపురం మార్చలేదు. రోజూ పోనూ రానూ రైలే. అప్పట్లో పాత ప్యాసింజర్. మురికి బండి, ఎప్పుడూ ఆలస్యం. అయినా పెట్టె చివర ఒక మరుగుదొడ్డి ఉండేది. దానికి గడియ లేదు. ఒకరు లోపలికి వెళ్తే ఇంకొకరు బయట తలుపు పట్టుకునేవారు.

తరవాత ఎలక్ట్రిక్ లోకల్ వచ్చింది. మా నాన్న రైల్వేలో కరెంటు ఫిట్టర్. కొత్త బండి చూపించడానికి మమ్మల్నందరినీ స్టేషనుకు తీసుకెళ్ళాడు. అక్కని అప్పా అనే పిలిచేవాడు.

"చూసినావా అప్పా, వేరే ఇంజనే లేదు. మోటార్లన్నీ పెట్టెల కిందే. పొగ లేదు, కుదుపు లేదు. ఏక్‌దమ్ నయీ గాడీ!"

అత్తయ్య ఈ చివర నుంచి ఆ చివరదాకా నడిచి వచ్చింది. "అన్నీ ఉన్నాయి గానీ తమ్ముడూ, లెట్రిన్ ఏదిరా?"

"లోకల్ బండికి ఉండదప్పా. కలకత్తాలో భూమి లోపల నడిచే బండికీ ఉండదు."

"అక్కడ ఎక్కినోళ్ళు పావుగంటలో దిగిపోతారు. నేను రెండు గంటలు కూచోవాలి. అదెవడైనా సోచాయించాడా, ఆలోచన చేశాడా?"

"బండి నేను చేసినానేటి?" అని గొణిగాడు నాన్న.

మర్నాటి నుంచి అత్తయ్య పొద్దుటి కాఫీ మానేసింది. నీళ్ళు పుక్కిలించి ఉమ్మేయడమే తప్ప గుటక వేసేది కాదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక తిరుగు ప్రయాణం కోసం మళ్ళీ నోరు కట్టేసుకునేది. ఇక్కడి ఎండలు తెలిసినవాళ్ళకు దాని సంగతి వేరే చెప్పక్కర్లేదు. సాయంత్రం గుమ్మంలోకి రాగానే చెప్పులైనా విప్పకుండా చెంబెడు నీళ్ళు నిలబడే తాగేది. "ఒంటె వచ్చింది" అనేవాణ్ణి నేను. ఆవిడా నవ్వేది. ఎంత తెలివితక్కువ వేళాకోళం చేశానో ఇప్పుడు తెలుస్తోంది.

ఒకసారి నెలలు నిండుతున్న గుమాస్తా అమ్మాయి ఒకామె ఆగలేక మధ్య స్టేషన్లో దిగి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి బండి లేదు. ఆమె సంచీ, భోజనం డబ్బా అత్తయ్య ఒళ్ళో బిలాస్‌పూర్ చేరాయి. ఆ రాత్రే అత్తయ్య నన్ను కూర్చోబెట్టింది. "ఒరే, నీ హిందీ బాగుంటుంది. అర్జీ రాయి. లెట్రిన్ కావాలని రాయి, ఆడోళ్ళందరం సంతకాలు పెడతాం."

రాశాను. విరిగిన కిటికీల గురించి, దీపాల గురించి, తిరగని ఫ్యాన్ల గురించి చక్కటి భాషలో రాశాను. ఆ ఒక్క మాట దగ్గర చెయ్యి ఆగిపోయింది. పెద్ద అధికారులు చదివే కాగితంలో ఆడవాళ్ళ సంగతి ఎలా రాయడం అనుకున్నాను. అత్తయ్య ప్లాట్‌ఫాం మీద హడావిడిగా, చదవకుండానే మొదటి సంతకం పెట్టింది. నేను రాశానుగా, ఇంక చూసేదేముందని ఆవిడ నమ్మకం. తక్కిన ఆడవాళ్ళు ఆవిడ సంతకం చూసి పెట్టారు.

కొన్నాళ్ళకు ఆడవాళ్ళ పెట్టెలో కొత్త ఫ్యాన్లు వచ్చాయి.

ఆ సాయంత్రం అత్తయ్య చెంబు ముట్టకుండా అర్జీ నకలు తెమ్మంది. రెండుసార్లు చదివింది. "ఫ్యాన్లు అడిగావా?"

"అది రాస్తే నవ్వుతారని, అత్తా..."

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "ఒరే, సిగ్గు నీది, దాహం నాది" అంది. అంతే. తరవాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

రెండో అర్జీ తనే రాసుకుంది. శౌచాలయ్ అని పెద్ద అక్షరాలతో మొదటి వరుసలోనే పెట్టింది. కానీ ఈసారి సగంమంది వెనక్కి తగ్గారు. "అభీ తో పంఖే మిలే హైఁ దీదీ, ఇప్పుడేగా ఫ్యాన్లొచ్చాయి, మళ్ళీ అడిగితే బాగుండదు" అన్నారు. ఫ్యాన్లు తెచ్చిపెట్టింది నేను. అర్జీకి జవాబు రాలేదు.

ఏళ్ళు గడిచాక అత్తయ్య మొదట మూత్రంలో మంట, జ్వరం అంది. మందు బిళ్ళలు మింగి, ఆ బిళ్ళలకు కూడా గుక్కెడు నీళ్ళే తాగి బండెక్కేది. చివరికి మూత్రపిండాలదాకా పోయింది. డాక్టరు "నీళ్ళు తాగరా మీరు? ఇన్నేళ్ళు అలా బిగబట్టుకుంటే జబ్బు ముదరక ఏమవుతుంది?" అని కసిరాడు. ఆవిడ నావైపు చూడలేదు. చూసినా బాగుండేది. ఆఖరి నెలల్లో నీళ్ళు కొలిచి ఇమ్మన్నారు. ఇంట్లోనే ఉంది, పక్కనే మరుగుదొడ్డి ఉంది, తాగడానికి వీల్లేదు. ఇది ఎవరితో చెప్పుకోవాలి? దీన్ని ఓర్పు అంటారా?

నిన్న అత్తయ్య దగ్గరే ఉండిపోయిన బడి తాళాలు అప్పగించడానికి ఆ లోకలే ఎక్కాను. ఎక్కేముందు ప్లాట్‌ఫాం మీద ఆడవాళ్ళ పెట్టె కిటికీ పక్కగా నడుస్తూ లోపలికి చూశాను. నా ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి. కింద ఒక అమ్మాయి ఒళ్ళో నిండు సీసా ఉంది. మూత తీసి రుమాలు కొస తడుపుకుంది. ఆ తడితో పెదాలు తుడుచుకుని, మూత మళ్ళీ గట్టిగా బిగించింది.