ఆగిన చాట

అన్నం ముందు కూర్చుని అబద్ధం ఆడకూడదంటారు. ఇదిగో, కంచంలో చెయ్యి పెట్టి చెబుతున్నాను... ఇది నాకు జరిగింది. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే మాత్రం లేచిపోతాను.

మా అమ్మ మీకు తెలుసు కదా. కేసముద్రం మార్కెట్ యార్డులో చాట కూలి. రైతులు కుప్ప పోసిన వడ్లు చెరిగేది. మేం ఆమెను అవ్వ అని పిలిచేవాళ్లం. ఆమె చెరుగుడుకు ఒక లెక్క ఉండేది. చెర్ర్... చెర్ర్... చెర్ర్... ఆ తర్వాత బొటనవేలితో చాట అంచు మీద... టక్. ఆ టక్ ఇంకెవరూ కొట్టగా నేను వినలేదు.

చిన్నప్పుడు బడి వదలగానే యార్డుకు ఉరికేవాణ్ణి. నేను దగ్గరికి వస్తే చాలు, చాట ఆగిపోయేది. "పక్కకు జరుగు బిడ్డా, కండ్లల్ల పొట్టు వడ్తది" అనేది. నేను జరిగేదాకా మళ్లీ చెరిగేది కాదు. వడ్లు కొనే సేటు వచ్చి అరిచినా సరే.

చివరికి మతిమరుపు రోగం వచ్చింది. అన్నం తిన్నది మరిచిపోయేది. ఇల్లు మరిచిపోయేది. చేతులు మాత్రం చాటను మరవలేదు. రాత్రీ పగలూ ఖాళీ చాట చెరుగుతూ కూర్చునేది. "ఉత్త చాట చెరిగితే ఇంటికి అరిష్టమయ్యా" అని నా భార్య సరిత అందులో గుప్పెడు వడ్లు వేసేది. ఇక నేనంటారా... నన్ను సేటు అనుకునేది.

"జర ఆగు సేటూ, అయిపోవచ్చింది."

"నేను నీ కొడుకునవ్వా."

"నా కొడుకు బడికి పోయిండు సేటూ."

ఒకరోజు మొండికేసి ఆమె ఎదురుగా కూర్చున్నాను. ఆగుతుందేమో చూద్దామని. ఆగలేదు. పొట్టంతా వచ్చి నా కళ్లలో పడింది. బాయి దగ్గర కళ్లు కడుక్కుంటూ ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేముంది. ఒక్కసారి కొడుకునని గుర్తుపడితే చాలనుకున్నాను. గుర్తుపట్టకుండానే పోయింది.

అప్పుడు తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది. యార్డు బందు. బస్సులు బందు. బొగ్గు బాయిలు కూడా ఆగిపోవడంతో కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. అవ్వ దినాలు అయ్యాక సరిత భూపాలపల్లిలోని తల్లిగారింటికి పోయి, బస్సుల్లేక అక్కడే చిక్కుకుపోయింది. ఇంట్లో నేనొక్కణ్ణే. ఆ రోజు పొద్దంతా ధర్నా టెంటు కింద డప్పు కొట్టి వచ్చి పడుకున్నాను. తాగలేదు. ఎలాగూ అడుగుతారని ముందే చెబుతున్నాను.

చెమటకు మెలకువ వచ్చింది. ఫ్యాను తిరగడం లేదు. కిటికీ బయట చీకటి, లోపల చీకటి. పట్టాల మీద రైలు చప్పుడు కూడా లేదు. అప్పుడు వినిపించింది... లోపలి అర్రలో నుంచి.

చెర్ర్... చెర్ర్...

ఆ అర్రలో ఉన్నవి రెండే. ఒక వడ్ల సంచి, దానికి ఆనించిన అవ్వ చాట.

చెర్ర్...

ఆ తర్వాత ఏం రావాలో నాకు తెలుసు. రావద్దు, రావద్దు అనుకున్నాను.

టక్.

సెల్లు చూస్తే చార్జింగ్ లేదు. అగ్గిపెట్టె వంటింట్లో ఉంది. వంటింటికి పోవాలంటే ఆ అర్ర ముందు నుంచే పోవాలి. గోడ పట్టుకుని నడిచాను. చెర్ర్... చెర్ర్... గింజలు కిందా మీదా దొర్లుతున్న చప్పుడు. ఉత్త చాట కాదు అది. ఆ అర్ర గడప మీద కాలు పెట్టాను.

ఆగింది.

చెవి పెట్టి విన్నాను. ఏమీ లేదు. మెల్లగా వెనక్కి జరిగాను... పక్కకు...

చెర్ర్.

మళ్లీ గడప ఎక్కాను. ఆగింది. పక్కకు జరిగాను. మొదలైంది. అగ్గిపెట్టె సంగతే మరిచిపోయాను. ఆ గడప మీదనే కూలబడ్డాను. మెల్లగా అన్నాను.

"అవ్వా... సేటును గాదు. నేను."

నేను అక్కడ కూర్చున్నంత సేపు చాట మళ్లీ కదలలేదు. భయమేసింది. నిజంగానే భయమేసింది. అయినా లేవలేదు. లేస్తే మళ్లీ చెరుగుతుంది కదా.

తెల్లారి చూస్తే చాట సంచికి ఆనుకునే ఉంది. దాని ముందు నేల మీద ఇంత పొట్టు.

బస్సులు నడిచాక సరిత వచ్చింది. అంతా విని సంచి తిప్పి చూసింది. కింద ఒక బొక్క. ముందు నుంచే ఉందో, అప్పుడే పడిందో నాకు తెలియదు.

"ఎలుకనే అయ్యా. మనిషి అలికిడికి ఎలుక ఆగదా?"

"ఎలుక టక్కుమని కొడ్తదా?"

ఆమె చాట వైపు చూసింది. తర్వాత, "రేపు అంగట్ల బోను తెస్త" అంది.

"వద్దు."

"ఎందుకొద్దు? సంచంత తింటది."

తింటే తిననీ అన్నాను. ఇప్పటికీ ఆ అర్రలో బోను పెట్టనివ్వలేదు. మీరూ ఎలుకనే అంటారు, నాకు తెలుసు. కావచ్చు. కానీ బోను పెడితే పొద్దున్నే పోయి చూడాలి. అందులో ఎలుక ఉంటే... అవ్వ నన్ను గుర్తుపట్టనట్టే.

బోను ఖాళీగా ఉంటే... ఆ రాత్రి ఆ చీకట్లో నాకు రెండడుగుల దూరంలో కూర్చున్నది ఎవరు?