శామ్ ఫోన్‌ను ఫార్మాట్ చేయనివ్వలేదు నేను

నిన్న పొద్దున స్టవ్ మీద చాయ్ పెట్టాను. ఫోన్ మోగింది.

"పెద్దమ్మా, శామ్ పోయిండు."

"ఏ శామ్?" అని అడిగాను.

మాకు ఇంకో శామ్ లేడు.

శామ్యూల్ నా చెల్లెలి కొడుకు. అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్‌లో మొబైల్ సాఫ్ట్‌వేర్ క్లాసులు చెప్పేవాడు. క్లాసుకు వెళ్తూ పంజాగుట్ట మెట్రో మెట్ల మీద కూలిపోయాడు. సోమాజిగూడ హాస్పిటల్‌కు నేను చేరేసరికి ముఖం మీద దుప్పటి కప్పేశారు.

నాకు అక్షరం ముక్క రాదు. మనవాళ్ల గ్రూపులో పెట్టడానికి పక్కింటి లత టైప్ చేస్తోంది. మాటలు నావి.

మనవాళ్లలో కొందరు, "చావు ఇంట్లో ముసల్ది ఫోన్ కోసం కొట్లాడింది" అంటున్నారట.

అవును, కొట్లాడాను. ఎందుకో వినండి.

శామ్‌ది రూట్ చేసిన ఫోన్. "రూట్ అంటే ఏందిరా?" అని ఒకసారి అడిగితే, మధురానగర్‌లో మేముండే ఇంటినే చూపించి చెప్పాడు.

"గీ ఇల్లు ఒక్కటే గానీ పోర్షన్లు చేసిండ్రు గదా పెద్దమ్మా. ఫోన్ లోపల సుత గంతే. గేటు లెక్క ఉండేదాన్ని బూట్ అంటరు. ఓనర్ పోర్షన్ సిస్టమ్. మన సామాన్లు ఉండే పోర్షన్ డేటా. రూట్ చేసుడంటే ఓనర్ తాళాలు సుత మన చేతికొచ్చినట్టు."

"అయితే గోడ జరిపి నా వంటిల్లు పెద్దగ చేసుకోవచ్చునా?"

పగలబడి నవ్వాడు. "జరపొచ్చు. కొలత తప్పితే ఇల్లంత కూలుతది. గేటు తాళం చెడిపోతే గేటు దగ్గర్నే రిపేర్ చెయ్యాలె. సామానంత బయట పారేస్తనని ఎవడన్న వస్తే ఊకోకు."

ఇక నిన్నటి సంగతి.

హాస్పిటల్‌లో సుజాత, అంటే శామ్ భార్య, ఏమీ మాట్లాడే స్థితిలో లేదు. ఆమె తమ్ముడు విజయ్ శామ్ ఫోన్‌ను ఆమె చేత తెరిపించుకుని అందరికీ కబురు చెప్తున్నాడు. పొద్దున నాకు చేసింది కూడా వాడే. మధ్యలో మాటిమాటికీ అప్‌డేట్ చేయమని స్క్రీన్ మీద వస్తోంది. అడ్డం వస్తోందని నొక్కేశాడు.

మామూలు ఫోన్‌కైతే ఏమీ కాదు. ఇది శామ్ లోపల మార్పులు చేసుకున్న ఫోన్. కంపెనీ అప్‌డేట్ వచ్చి పడేసరికి గేటు దగ్గరే ఇరుక్కుపోయింది. కంపెనీ పేరు వస్తుంది, ఆరిపోతుంది, మళ్లీ వస్తుంది.

చివరికి ఒక చోట ఆగింది. రెండు లైన్లు, విజయ్ చదివి చెప్పాడు. పైది, మళ్లీ ప్రయత్నించు అని. కిందిది, మొత్తం చెరిపెయ్ అని.

విజయ్ భయపడ్డాడు. సాయంత్రం అమీర్‌పేటలో ఏదో షాపులో చూపించి ఇంటికి వచ్చాడు.

"డేటా వైప్ చేస్తే జర సేపట్ల ఆన్ అయితదట అక్కా. కొత్తదాని లెక్క పనిచేస్తదట."



ఆ ఫోన్‌లో ఏముందో సుజాతకు తెలుసు. వాళ్ల పాప జెస్సీకి నాలుగేళ్లు. నాన్న కథ చెప్తేనే నిద్రపోతుంది. క్లాసులై ఆలస్యమయ్యే రోజుల కోసం శామ్ కథలు రికార్డు చేసి పెట్టాడు. ఇంకెక్కడా కాపీ లేదు. ఊళ్లో అందరి ఫోన్లకూ బ్యాకప్ తీసిపెట్టేవాడు, తన ఫోన్‌కు మాత్రం "తీస్త, తీస్త" అంటూ ఉండేవాడు.

"ఫోన్ ఇటియ్యి" అన్నాను విజయ్‌తో.

"గీ సంగతి నీకేం తెలుస్తది పెద్దమ్మా?"

"తెల్వది. తెలిసినోడు వచ్చేదాంక నువ్వు సుత ముట్టకు. గా కింది లైన్ మీద వేలు పెట్టినవో, వేలు నీకుండదు!"

లాక్కుని నా సంచిలో బైబిల్ పక్కన పెట్టుకున్నాను.

ఈ రోజు పొద్దున ఇమ్రాన్ లాప్‌టాప్ తెచ్చాడు. శామ్‌తో పాటు అదే ఇన్‌స్టిట్యూట్‌లో చెప్తాడు. హాల్లో శామ్‌ను పడుకోబెట్టిన పెట్టె. చుట్టూ జనం. వంటింట్లో సిలిండర్ పక్కన నేల మీద కూర్చుని కేబుల్ పెట్టాడు.

లాప్‌టాప్ ఫోన్‌ను గుర్తుపట్టలేదు.

కేబుల్ మారిస్తే గుర్తుపట్టింది. ఛార్జింగ్ చూస్తే అడుగంటింది.

"డేటా జోలికి పోతున్నవా బిడ్డా?"

"లేదమ్మా. బూట్ ఒక్కటే మారుస్తున్న. డేటా ముట్టుకోను, ఒట్టు."

"ముచ్చట్లు పెట్టకు, పని చెయ్యి!"

"అడిగింది మీరే గదమ్మా..."

హాల్లో కీర్తన ఎత్తుకున్నారు. విజయ్ గుమ్మంలో నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు.

కంపెనీ పేరు వచ్చింది.

ఆరిపోయింది.

మళ్లీ వచ్చింది. నిలబడింది. పిన్ అడిగింది.

సుజాత ఒకసారి తప్పు కొట్టింది. మళ్లీ కొట్టింది. తెరుచుకుంది.

విజయ్ అక్కడే కూలబడి ఏడ్చాడు. వాడిని ఎవరూ ఒక్క మాట కూడా అనవద్దు. చావు కబురు చెప్పడానికి ఆ ఫోన్ పట్టుకుంది వాడొక్కడే. మనమెవరమూ ముందుకు రాలేదు.

ఇంతలో పెట్టె మూయాలి, పాస్టర్ గారు ప్రార్థన మొదలుపెడతారు, రమ్మని పిలిచారు.

"ఆగమనండి" అన్నాను.

ఇమ్రాన్ అన్నీ లాప్‌టాప్‌లోకి కాపీ తీసేదాకా నేను లేవలేదు. పాస్టర్ గారు ఆగారు. మీరంతా ఎండలో నిలబడ్డారు. మీరు తప్పు పడుతున్నది దానికి కూడా. పట్టండి. మళ్లీ అయినా ఆపుతాను.

సమాధుల తోట నుంచి వచ్చాక జెస్సీ, "డాడీ కథ పెట్టు" అంది.

పెద్దవాళ్లలో వినే ధైర్యం ఎవరికీ లేదు.

సుజాతే నొక్కింది.

శామ్ గొంతు సవరించుకున్నాడు. "ఆఁ, జెస్సమ్మా... పండ్లు తోముకున్నవా?" అన్నాడు.

"తోముకున్న డాడీ" అంది పాప.

ఇక పడుకో శామ్. ఇక్కడి ఫికర్ పెట్టుకోకు, మేమున్నాం.

ఆ ప్రభువు నిన్ను తన దగ్గర నిమ్మళంగా ఉంచుగాక.

మీ పెద్దమ్మ, రత్నమ్మ